పుస్తకంలో లేని పిట్ట

ఆదివారం తెల్లారేసరికి అద్దాలాయన ఇంటి ముందు కార్లు బారులు తీరాయి.

దిగినవాళ్ళ మెడల్లో బైనాక్యులర్లు, భుజాల మీద బారెడు లెన్సుల కెమెరాలు. పిట్టల్ని చూసే బృందం అది. సెలవు రోజు ముసుగుతన్ని పడుకోకుండా చెరువుల వెంటా పొదల వెంటా తిరిగే రకం. కొత్త పిట్ట కనబడిందంటే చాలు, ఉన్నపళంగా బయల్దేరతారు.

అద్దాలాయన అంటే చాలాకాలం కళ్ళద్దాల షాపు నడిపి, ఓపిక లేక మూసేసి, ఇంటిపట్టున ఉంటున్న పెద్దమనిషి. భార్య పోయాక ఆ ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. గేటు తీసుకుని లోపలికి వచ్చేది కరెంటు మీటరు చూసే మనిషి. అదీ నెలకోసారి. పెరట్లో గింజలు చల్లి, మూకుడులో నీళ్ళు పెడితే పిచ్చుకలూ గోరింకలూ వచ్చేవి. వాటితోనే కబుర్లు చెప్పుకునేవాడు. అవి తిన్నంతసేపూ విని, గింజలు కాగానే తుర్రుమనేవి.

బృందం ఫోన్ గ్రూపులో ఆయనా ఉన్నాడు, ఓ మూల. రోజూ శుభోదయం అని పెట్టినా పలికే నాథుడు లేడు. అలాంటిది, “మా పెరట్లో ఓ కొత్త పిట్ట. మెడ నీలం. కళ్ళ పైన తెల్లటి చార. తోక అంచు పసుపు” అని పెట్టేసరికి ఫోను మోత మోగిపోయింది.

బృందానికి పెద్ద ఓ బ్యాంకు మేనేజరు. ఆయన తన దగ్గరున్న పక్షుల పుస్తకాలన్నీ తిరగేశాడు. ఎందులోనూ లేదు.

“మీరు సరిగ్గానే చూశారా సార్?” అని ఫోన్ చేశాడు.

“జీవితమంతా జనాల కళ్ళు పరీక్ష చేసినవాణ్ణండీ. నా కళ్ళకేం రోగం?”

దాంతో మేనేజరుకి ఆశ పుట్టింది. పుస్తకంలో లేదంటే కొత్త జాతేమో! ముందు ఫొటో తీసినవాడిదే పేరు. అదీ ఆ కార్ల కథ.

పెరడు కిటకిటలాడింది. అందరూ గుసగుసల్లోనే మాట్లాడుకున్నారు. అద్దాలాయన టీ మీద టీ పెట్టాడు. అందరి కళ్ళూ చెట్టు మీద. ఆయన కళ్ళు మాత్రం మనుషుల మీద. ఎవరి కప్పు ఖాళీ అయింది, ఎవరికి కుర్చీ కావాలి, అదే ధ్యాస. వచ్చినవాళ్ళలో పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ అడక్కుండానే వంటింట్లోకి వెళ్ళి కప్పులు కడిగింది. చాన్నాళ్ళ తర్వాత ఇంకో మనిషి చేతిలో ఆ గిన్నెల చప్పుడు విని ఆయన ఇంకో విడత టీకి నీళ్ళు పెట్టాడు.

పిట్ట రాలేదు.

“బెదురెక్కువండీ దానికి. వచ్చే వారం తప్పకుండా చూస్తారు” అన్నాడు.

తర్వాతి వారం సగం మందే వచ్చారు. ఆ పై వారం ఇంకా పల్చబడ్డారు. అద్దాలాయనే అద్దాలు మార్చుకోవాలని గ్రూపులో ఎవరో జోకు పేల్చారు. నవ్వు బొమ్మలు బోలెడు పడ్డాయి. ఆయనా ఓ నవ్వు బొమ్మ పెట్టి, ఫోను బోర్లించేశాడు.

చివరికి మిగిలింది ఇద్దరు. మేనేజరు, పళ్ళ డాక్టరమ్మ.

డాక్టరమ్మ ఒక్క ఆదివారం కూడా మానలేదు. కింద క్లినిక్కు, మేడ మీద కాపురం. కాపురమంటే ఆవిడ ఒక్కతే. వారమంతా జనాల నోళ్ళు తెరిపిస్తుంది. ఆదివారం వస్తే తనతో నోరు విప్పేవాళ్ళు లేరు.

ఆ రోజు ఎండెక్కేదాకా చూసి మేనేజరు కెమెరా స్టాండు మడవడం మొదలుపెట్టాడు.

“ఏమీ అనుకోకండి సార్. వచ్చే వారం నుంచి చెరువు దగ్గరికే వెళ్దామంటున్నారు మావాళ్ళు. మీరూ రండి.”

“నా మోకాళ్ళు అంత దూరం రానివ్వవండీ. ఇంకొక్క వారం చూడకూడదూ?”

తన గొంతు తనకే జాలిగా వినిపించింది అద్దాలాయనకి. ఇవాళ వీళ్ళు వెళితే ఇక ఆ గేటు తీసేవాళ్ళుండరు. ఆదివారమూ సోమవారమూ మళ్ళీ ఒకటే అయిపోతాయి.

“ఎన్ని వారాలని చూస్తాం సార్?” అంటూ మేనేజరు సంచీ భుజానికెత్తుకున్నాడు.

“ష్ష్!” అంది డాక్టరమ్మ.

చేతిలో బిస్కెట్టు చేతిలోనే ఉంది. చూపు వెనక గోడ మీద ఉంది.

“అదిగో! అదే!”

మేనేజరు గిర్రున తిరిగాడు. స్టాండు టీ కప్పులున్న స్టూలుకి తగిలింది. కప్పులన్నీ కింద పడ్డాయి.

“ఏదీ? ఎక్కడ?”

“ఇంకెక్కడ! మీ చప్పుడుకి ఎగిరిపోయింది. ఆ సందులోకి.”

“నిజంగా అదేనా మేడమ్?”

“ఎంత బాగా చూశానో! మెడ నీలమన్నారు గానీ, ఎండ పడితే కాస్త ఊదా రంగు కొడుతోంది. వాలగానే తోక రెండుసార్లు ఆడించింది. కళ్ళ మీద ఆ తెల్ల చార ఎంత ముద్దుగా ఉందనీ!”

మేనేజరు ముఖం వెలిగిపోయింది. “వచ్చే ఆదివారం అందర్నీ లాక్కొస్తా!” అంటూ, ఫోన్లో ఆ కబురు పెడుతూనే, కెమెరా పట్టుకుని సందులోకి పరిగెత్తాడు.

పెరట్లో ఇద్దరే మిగిలారు. అద్దాలాయన లేవబోయి, ఆవిడ వైపు చూసి, మళ్ళీ కూర్చున్నాడు. డాక్టరమ్మ వంగి కప్పు పెంకులు ఏరుతోంది. తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

“వచ్చే ఆదివారం కూడా వస్తుందంటారా?” అంది, చాలా మెల్లగా.

“వస్తుంది డాక్టరమ్మగారూ, తప్పకుండా వస్తుంది” అన్నాడు అద్దాలాయన, ఓ శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఒంటరిగా ఉండలేక, మెడ నుంచి తోక దాకా తానే కల్పించి గ్రూపులో పెట్టిన ఆ పిట్ట గురించి.