లేని బొగ్గు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నాన్న, బాబాయి, వకుళ. అమ్మ పొలానికి వెళ్లింది. ఊళ్లో మగవాళ్లందరిలాగే అన్నదమ్ములిద్దరూ గోడంత తెర ముందు నిలబడి, లేని ఇంజన్లో లేని బొగ్గు వేస్తున్నారు. కరెంటంతా ఈ ఆటకే పోతోంది కనుక వంట మళ్లీ కట్టెల పొయ్యి మీదికొచ్చింది.

ఆటలో నాన్న రైలుబండి మూడు రోజులుగా కొండ ఘాటెక్కడం లేదు.

"అలా కుక్కితే మంటకి గాలాడదు నాన్నా. పలచగా చల్లాలి," అంది వకుళ గుమ్మంలోంచి మెల్లగా.

"అన్నం వండే పిల్ల ఆవిరిబండి నడుపుతుందట అన్నయ్యా," అన్నాడు బాబాయి.

నాన్న నవ్వి ప్లాస్టిక్ పార అందించాడు. "ఎక్కించు చూద్దాం. ఎక్కిస్తే రోజూ నువ్వే నా బొగ్గేసే ఫైర్‌మన్‌వి."

ఆమె నాలుగు మూలలా పలచగా చల్లింది. తెర మీద ఆవిరి మీటరు ముల్లు లేచింది. బండి ఘాటెక్కింది.

"మొత్తానికి ఎక్కించాను," అంటూ నాన్న పార లాక్కున్నాడు.

"మరి రేపట్నించి నేను..."

"ముందు నీ పొయ్యి చూసుకో. పొగకి కళ్లు మండుతున్నాయి," అని తలుపేసుకున్నాడు.