రాతి చేపలు

కన్నబాబు పడవలోంచి గంప దించగానే వదిన పాపాయమ్మ ఒక చేపను తీసి తిరగేసి చూసింది.

"వలెక్కడేసావు?"

"ఎప్పుడూ ఏసే సోటే, లైట్‌హౌసుకి ఎదురుగా."

"అక్కడంతా ఇసకే కదా. ఇవి రాళ్ళ సందున బతికే సేపలు. నెల్లాళ్ళుగా ఇయ్యే తెత్తన్నావు."

కన్నబాబు తలెత్తకుండా వల మడతపెడుతున్నాడు.

"రాయి లేని సోట రాతి సేపలు సేరాయంటే, అడుగున ఏదో మునిగుండాలి. ఏటది?"

ఇక దాచలేకపోయాడు. "అన్న పడవే వొదినా. వల తగులుకుంటే సెక్క పైకొచ్చింది. దాని మీద అన్న పేరుంది. సెప్తే సేపల కోసం జనమంతా అక్కడికే వొత్తారని..."

తుపానులో తిరిగిరాని మొగుడు ఏ ఒడ్డునో బతికే ఉంటాడని ఏడాదిగా ఆమె బొట్టు చెరపలేదు. చేతుల నిండా ఎర్రగాజులు. వాటిని ఇప్పుడే పడవ అంచుకేసి కొడుతుందని అతను కళ్ళు మూసుకున్నాడు.

గాజులు గలగలమన్నాయి. కళ్ళు తెరిస్తే, ఆమె గంప తలకెత్తుకుంటోంది.

"గాజులు తియ్యనులే" అంది. "తీస్తే, పడవెక్కడ దొరికిందని పేటంతా అడుగుతాది. రేపూ అక్కడికే ఎల్లు."