ఊదారంగు విమానం

హలో! హలో! వినబడుతోందా అందరికీ? అలబామా నుంచి మాట్లాడుతున్నానండీ. బాగున్నారా? భోజనాలయ్యాయా? ఫోన్ పెట్టెయ్యకండి, చిన్న కథ చెప్పి వెళ్ళిపోతాను.

"కొంప మునిగింది! కాల్డర్ వాళ్ళ విమానం మనూరికే వస్తోంది!"

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి భోజనాల దగ్గర టైర్ల కొట్టు హార్లన్ వేసిన కేక అది. కోడికాలు పట్టుకున్న చేతులన్నీ గాల్లోనే ఆగిపోయాయి. కాల్డర్ అంటే మా ఊరి కాలేజీకి బద్ధశత్రువైన కాలేజీ. హార్లన్ ఫోన్ ఎత్తి చూపించాడు. అందులో, విమానాల జాడ చూపే మ్యాప్ మీద, బుల్లి విమానం బొమ్మ మా ఊరి వైపే జరుగుతోంది. కాలేజీలు ఆటగాళ్ళని ఏరుకునే ఈ సీజన్‌లో ఊరంతటికీ ఇదే పని. ఏ కాలేజీ విమానం ఎక్కడ దిగిందో, ఏ కుర్రాణ్ణి బుట్టలో వేసుకుంటోందో కనిపెట్టుకుని కూర్చుంటారు.

"ఎందుకొస్తోందిరా?" అన్నాడు అతని స్నేహితుడు డ్యూయీ.

"ఎందుకేంట్రా మొద్దూ! మన మార్సెలస్‌ని ఎగరేసుకుపోడానికి!"

మార్సెలస్ అంటే మామూలు కుర్రాడా! ఇక్కడి ఫుట్‌బాల్ కాలితో తన్నేది కాదు, చేత్తో విసిరేది. అతను విసిరితే బంతి మబ్బులు చూసొస్తుంది. మా బ్రాడ్‌వెల్ కాలేజీకే ఆడతానని మాటిచ్చాడు. ఊరు చూసి పోదామని వచ్చి, ఇక్కడే ఉన్నాడు. కానీ కాగితం మీద సంతకం బుధవారం. సంతకం పడేదాకా కుర్రాడి మాట గాలిలో దీపం. కిందటేడు ఒకడు ఇలాగే మాటిచ్చి, తీరా సంతకం రోజు టీవీ కెమెరాల ముందు కూర్చున్నాక మా పసుపు టోపీ పక్కకి నెట్టి, కాల్డర్ ఊదా టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. హార్లన్ రెండ్రోజులు అన్నం ముట్టలేదు.

"ఈ కాలం పిల్లలకి మాటా లేదు, మన్నూ లేదు," అన్నాడు హార్లన్ కారు తాళాలు వెతుక్కుంటూ. "మన కాలేజీ కోచ్ రడ్‌ని చూసైనా నేర్చుకోరు. చచ్చేదాకా బ్రాడ్‌వెల్‌లోనే అన్నాడు, ఆ మాట మీదే ఉన్నాడు. పదండి! వాణ్ణి విమానం ఎక్కనిచ్చేది లేదు!"

"ఏమయ్యా, పుడ్డింగ్ ఏం చెయ్యను?" అంది భార్య నోరీన్.

"పట్టుకునిరా! బతిమాలడానికి పనికొస్తుంది!"

టైలు కట్టుకున్న మగవాళ్ళు, హైహీల్స్ వేసుకున్న ఆడవాళ్ళు, నోట్లో ముద్దతో పాస్టరుగారు, అందరూ కార్లెక్కి మా చిన్న విమానాశ్రయానికి పరిగెత్తారు. అప్పటికే ఊదారంగు విమానం దిగి, తలుపు తీసుకుని కూర్చుంది. మా వాళ్ళు గేటు ముందు చేతులు పట్టుకుని గోడ కట్టారు.

అంతలో ఒక ట్రక్కు వచ్చి ఆగింది. దిగింది ఎవరు? మార్సెలస్!

హార్లన్ రెండు చేతులూ జోడించాడు. "బాబూ! ఎక్కకు నాయనా! వాళ్ళేమిస్తామన్నారో చెప్పు. నీకు జీవితాంతం టైర్లు ఫ్రీ!"

"నాకు కారే లేదు సర్," అన్నాడు మార్సెలస్ అయోమయంగా. "అయినా నేనెక్కడికీ పోవట్లేదు."

"నిజంగా?"

"మాటిచ్చాను కదా సర్. బుధవారం సంతకం పెడతాను. ఎవరొచ్చినా, ఎవరు పోయినా నేను బ్రాడ్‌వెల్‌కే."

"ఒట్టెయ్!"

"మా అమ్మమ్మ మీద ఒట్టు సర్."

ఇంకేముంది! పాస్టరుగారు హల్లెలూయా అని గంతేశారు. డ్యూయీ టై తలకి కట్టుకుని చిందులేశాడు. నోరీన్ గరిటెడు పుడ్డింగ్ కుర్రాడి నోట్లో కుక్కింది. నలుగురు కలిసి అతన్ని భుజాలకెత్తుకోబోయారు. ఆ కొండ కదిలితేనా? చివరికి అతనే నవ్వుతూ హార్లన్‌ని ఎత్తి భుజాన కూర్చోబెట్టుకున్నాడు.

హార్లన్ ఆ ఎత్తు మీదనుంచి పైలట్‌ని చూసి ఈల వేశాడు. "ఏం బాబూ, వచ్చిన దారినే ఖాళీగా పోండి! మీ కాల్డర్‌లో చెప్పండి, బ్రాడ్‌వెల్ వాళ్ళు మాట తప్పరని!"

కాసేపు కేరింతలయ్యాక అతనికి ఒక సందేహం వచ్చింది. వంగి కుర్రాడి చెవిలో అడిగాడు.

"అవునూ, మరి నువ్విక్కడికి ఎందుకొచ్చావు నాన్నా?"

మార్సెలస్ ట్రక్కు వెనక నిండుగా ఉన్న పెట్టెల్ని చూపించాడు.

"తన సామాను విమానంలో పెట్టమని ట్రక్కిచ్చి పంపారు సర్, కోచ్ రడ్. రేపట్నుంచి ఆయన కాల్డర్ కోచ్ కదా!"

అదండీ సంగతి. నవ్వొస్తే మీలోనే దాచుకోకండి, నలుగురికీ పంపండి. మీకు తెలిసిన కోచ్ ఎవరైనా ఉంటే మాత్రం ముందు ఆయనకే పంపండి.