ఫ్రిజ్‌లో ఇంత జాగా

ఉగాది మర్నాడు రేఖ మూడు మందు డబ్బాలు పట్టుకుని పాలషాపు ముందు నిలబడింది.

"అవ్వా, నీ ఫ్రిజ్‌ల జర జాగా ఇస్తవా?"

అనంతమ్మ వెనక్కి తిరిగి, మూలనున్న పాత ఫ్రిజ్‌ని చూసింది.

"ఏం మందు బిడ్డా?"

"బరువు తగ్గే సూది. వారానికొక్కటి. చల్లగ ఉండాలె. నా రూమ్‌ల ఫ్రిజ్ లేదు. ఐసు మాత్రం తగలొద్దంట."

"ఇయ్యి, పెడత."

శంషాబాద్ బస్టాండు వెనక సందులో, ఆ షాపు పైన రెండో అంతస్తులో రేఖది ఒంటి గది. ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్లు తోసే ఉద్యోగం. రోజుకు పదిసార్లు విమానం తలుపు దాకా వెళ్తుంది. ఖాళీ కుర్చీతో వెనక్కి వస్తుంది. లోపల్నుంచి నమస్కారం పెట్టే ఎయిర్‌హోస్టెస్‌ని చూసినప్పుడల్లా ఆమెకు ఏడుపొచ్చేది. ఆ ఉద్యోగానికి రెండుసార్లు ఇంటర్వ్యూకు వెళ్తే రెండుసార్లూ బరువు చూసే మిషన్ దగ్గరే ఆపేశారు. ఇంకో ఏడాది పోతే వయసు కూడా దాటిపోతుంది.

షుగర్ కూడా అంచుకొచ్చిందని డాక్టరు ఈ సూది రాశాడు.

"ముందు పావు మిల్లీగ్రాము, నాలుగు వారాలు. తర్వాత అర, ఇంకో నాలుగు వారాలు. ఆ తర్వాతే ఒకటి. తొందరపడితే నీ కడుపే తిరగబడుతుంది," అని మరీ మరీ చెప్పాడు.

అనంతమ్మకు చదువు రాదు. రేఖ చెప్పింది విని డబ్బాలకు దారాలు కట్టింది. పావుకు తెల్లది, అరకు పసుపుది, ఒకటికి ఎర్రది. సూది వేసుకున్న ప్రతి శుక్రవారం మీదా క్యాలెండర్లో కుంకుమ బొట్టు పెట్టేది.

శుక్రవారం సాయంత్రం రేఖ రాగానే లోపలికెళ్లి డబ్బా తెచ్చిచ్చేది. చెయ్యి పెడితే చల్లగా ఉండేది.

"తిన్నవా బిడ్డా?"

"ఆకలైతలేదవ్వా."

"ఇంత మజ్జిగన్న తాగు."

"ఒక పాల పాకెట్ ఇయ్యి."

"ఐపోయినయి."

"ఎప్పుడొచ్చినా గదే మాట! పాలషాపు పెట్టి పాలు లేవంటవేందవ్వా?"

అనంతమ్మ బోసినోటితో నవ్వేది.

పసుపు దారం మొదలైన వారమే ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. మూడు వారాలే గడువు.

"ఎర్రదారం డబ్బా ఇయ్యవ్వా."

"పసుపుకు ఇంక మూడు బొట్లున్నయి గద."

"నాకు టైం లేదు."

"నాలుగు వారాలని నువ్వే చెప్తివి. నేనియ్య."

"పాలమ్ముకునేటోళ్లకు మందు సంగతి ఏం తెలుస్తది? నా మందు నాకియ్యి!"

అనంతమ్మ లోపలికెళ్లి తెచ్చిచ్చింది. డబ్బా తడిగా ఉంది.

"గింత తడేంది? ఫ్రిజ్ కూడ సక్కగ పెట్టుకోరాదు నీకు!"

అనంతమ్మ తల వంచుకుంది. కొంగుతో డబ్బా తుడిచి చేతిలో పెట్టింది.

ఆ సూది వేసుకున్నాక రెండు రోజులు రేఖ వాంతులతో మంచం దిగలేదు. మూడో రోజు తలుపు చప్పుడైంది. మోకాళ్లు పట్టుకుని రెండంతస్తులెక్కి అనంతమ్మ వచ్చింది. ఉప్పేసిన మజ్జిగ చెంచాతో తాగించింది. ఆటో పిలిచి దవాఖానకు తీసుకెళ్లింది. వెళ్తూ వెళ్తూ ఎర్రదారం డబ్బా మాత్రం చంకలో పెట్టుకుంది.

"గీ ఎండకు ఖరాబైతది."

ఆ నీరసంతో రేఖ ఇంటర్వ్యూకు పోలేకపోయింది. డాక్టరు చీవాట్లు పెట్టి మళ్లీ అరకే దించాడు.

ఈసారి బొట్టు తర్వాత బొట్టు, దారం తర్వాత దారం. పాత డబ్బాలు అయిపోయి కొత్తవి వచ్చాయి. దసరా దాటాక జరిగిన ఇంటర్వ్యూలో మిషన్ ముల్లు అడ్డం చెప్పలేదు. రేఖకు ఉద్యోగం వచ్చింది.

అనంతమ్మ చెంపలు నిమిరింది.

"నువ్వు పైనుంచి పోతుంటే నాకెట్ల తెలుస్తది?"

"మనింటి మీదికెళ్లే పోత. ఇమానం కనిపిస్తే చెయ్యి ఊపు."

"ఊపుత. ఆ డ్రెస్సేసుకొని ఒక్కపారి వచ్చి కనిపియ్యి బిడ్డా. కండ్లార చూస్త."

ట్రైనింగు మూడు నెలలు ఢిల్లీలో. అనంతమ్మకు ఫోను లేదు. డ్రెస్సులోనే కనిపించి ఆశ్చర్యపరుద్దామని రేఖ రోజులు లెక్కపెట్టుకుంది.

మొదటి డ్యూటీ ముగించి, డ్రెస్సు మార్చకుండానే, స్వీటు డబ్బాతో సందులోకి పరుగున వచ్చింది.

షాపు ఖాళీగా ఉంది. పాతసామాన్లు కొనేవాడు ఫ్రిజ్‌ని బండికి తాడుతో కడుతున్నాడు.

పక్క షాపులో బట్టలు కుట్టే భాగ్యలక్ష్మి బయటికొచ్చింది.

"నువ్వు రేఖవు గదా? అనంతమ్మ పోయి పన్నెండు దినాలాయె. నిద్రల్నే పోయింది. కడదాక ఇమానం చప్పుడైతే చాలు, బయటికొచ్చి చెయ్యి ఊపేది."

రేఖ మెట్టు మీద కూలబడింది. అవ్వ కోసం వేసుకొచ్చిన డ్రెస్సు ఇక ఎవరికి చూపించాలో ఆమెకు తోచలేదు.

పక్కనే ఒక పాలక్యాను ఉంది. దాంట్లో స్టీలు టిఫిన్ డబ్బా, చుట్టూ గుడ్డ. డబ్బా పిడికి తెలుపు, పసుపు, ఎరుపు దారాలు.

"ఇదేందక్కా?"

"ఐసు క్యాను. ఎవరో పిల్ల మందు ఖరాబైతదని రోజు పొద్దుగాల చేపల మార్కెట్ దాక నడిచిపోయి ఐసు తెచ్చేది. ఎండలు ముదిరితే మాపటికి మళ్లొకపారి పోయేది."

"ఐసెందుకు? ఫ్రిజ్ ఉన్నది గద!"

"గా ఫ్రిజ్జా? గది నిరుడు శివరాత్రికే కాలిపాయె. అప్పటిసంది పాలు గూడ పొద్దున అమ్ముడువోయేటన్నే తెచ్చేది."

ఉగాది మర్నాడు రేఖ వచ్చి ఇంత జాగా అడిగేనాటికి, అనంతమ్మ ఫ్రిజ్ కాలిపోయి అప్పటికే నెల దాటింది.