‘మొండి’ చీటీలు

“ఈ చీటీలు నేను టైపు చెయ్యలేనంకుల్. అసహ్యంగా ఉన్నాయి,” అంది శరణ్య.

పద్మనాభం కళ్ళజోడు పైనుంచి చూశాడు. “అచ్ఛా! అయితే నీ ఫారం మీద నేనూ సంతకం చెయ్యలేను. అయిదింటికి హాస్టల్ ఆఫీసు మూసేస్తారుగా?”

శరణ్య మళ్ళీ కీబోర్డు ముందుకి జరిగింది. లోకల్ గార్డియన్ సంతకం లేనిదే ఇక్కడ కాలేజీ హాస్టల్లో సీటివ్వరు. ఇవాళే ఆఖరి రోజు. ఢిల్లీ మొత్తంలో నాన్నకు తెలిసిన మనిషి మయూర్ విహార్‌లో ఉండే ఈయనొక్కడే. రిటైరయ్యాక తెలుగు మాటల చరిత్ర రాస్తున్నాడు. ఒక్కో చీటీ మీద ఒక్కో వాక్యం, పక్కన అది ఏ సంవత్సరంలో అన్నదో. ఇవాళ్టి మాట ‘మొండి’.

మొదటి చీటీలు బాగానే ఉన్నాయి. మొండి గోడ. మొండి కత్తి. తర్వాత, బండి లాగనని మొండికేసిన ఎద్దు. ఆ తర్వాత అన్నీ ఆడవాళ్ళే.

‘మొండిది, వాతలు పెట్టినా కాపురానికి వెళ్ళనంది. 1931.’

‘మొండి ఘటం, జుట్టు పట్టి ఈడ్చినా ఏడవలేదు. 1948.’

పద్మనాభం పకోడీ నములుతూ, ఆ నూనె వేళ్ళతోనే చీటీలు అందిస్తున్నాడు.

“ఎద్దుకీ మనిషికీ తేడా లేదా అంకుల్?”

“మాటకి లేదమ్మాయ్. ఎవరు ఏమన్నా రాసుకోవడమే నా పని. మంచీ చెడ్డా నాకెందుకు? ఊఁ, కానీ కానీ.”

ఆఖరి చీటీ వచ్చింది.

‘మొండిది, మూడు రోజులైంది, మెతుకు ముట్టలేదు. వాణ్ణి మర్చిపోతానంటేనే తాళం తీస్తాను.’

“ఛీ! ఎవడో గానీ...” అనేసి శరణ్య నాలిక కరుచుకుంది.

పద్మనాభం ఏమీ అనుకోలేదు. వేళ్ళు లుంగీకి తుడుచుకుని ఫారం దగ్గరికి లాక్కున్నాడు. ‘ఈ విద్యార్థిని క్షేమానికి బాధ్యత నాది’ అన్న వాక్యం కింద పొందికగా సంతకం పెట్టాడు.

ఫారం చేతిలో పడగానే శరణ్యకు ప్రాణం లేచొచ్చింది. త్వరగా ముగించి వెళ్ళిపోవాలి.

“దీనికి సంవత్సరం వెయ్యలేదంకుల్. ఎప్పటిది?”

“అదా? పొద్దున మా అమ్మాయి గది బయట నిలబడి నేనన్నదే. ఇవాళ్టి తేదీ వేసెయ్యి.”