రాయిని ఉడకబెట్టిన ప్లీడరు

"చెయ్యి తియ్యండి!"

ఇంట్లో అడుగుపెట్టి పది నిమిషాలైనా కాని మనిషి, ప్లీడరుగారి మణికట్టు పట్టుకుని అక్వేరియంలోంచి బయటికి లాగేశాడు.

ప్లీడరు చేతిలోని పాత టూత్‌బ్రష్ ఎగిరి సోఫా కింద పడింది. భార్య, ఎనిమిదేళ్ల కూతురు నోరు తెరుచుకుని చూశారు. ఎదుటి ప్లీడర్లను గడగడలాడించే మనిషిని, సొంత హాల్లో, పెళ్లాం బిడ్డల ముందు చెయ్యి పట్టి లాగడం!

"ఎవడివయ్యా నువ్వు, నన్ను ముట్టుకోడానికి?"

"వాటిలో విషం ఉంది సార్. గీకితే చిమ్ముతుంది. కంట్లో పడితే కన్ను పోతుంది."

గోడవారన ఆరడుగుల ఉప్పునీళ్ల అక్వేరియం. అందులో ఒక రాయి నిండా ముదురు గోధుమరంగు పాలిప్స్ అనే సముద్రపు జీవులు పట్టాయి. చొక్కా గుండీలంత పువ్వుల్లా ఉంటాయి గానీ, పక్కనున్న పగడాలను కమ్మేసి చంపేస్తున్నాయి. వీటిని తీసేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అక్వేరియాల గ్రూపులో ఫొటో, అడ్రసు పెట్టింది ప్లీడరే. మర్నాడు పొద్దున్నే ఈ మనిషి దిగాడు. యాభై దాటి ఉంటాయి. పీలగా ఉన్నాడు. మాటకో దగ్గు. చేతిలో మూత ఉన్న బకెట్, భుజాన సంచి.

"గీకొద్దా? మరి వచ్చింది దేనికి, వాటికి జోలపాట పాడ్డానికా?"

"ముందు మోటార్లు ఆపండి. అమ్మా, మీరు పాపను తీసుకుని కిందికెళ్లండి. రాయిని నీళ్లలో ఉండగానే బకెట్లోకి దించాలి. మూతేసి, ఆరుబయట బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టాలి."

సంచిలోంచి చేతి తొడుగులు, కళ్లద్దాలు, ముక్కూ నోరూ మూసే పెద్ద మాస్కు తీశాడు.

"రాయి కడగడానికి ఇంత వేషమా!" ప్లీడరు నవ్వాడు. "గ్రూపులో ఎవరో వీడియో పంపారులే. పది నిమిషాలు ఉడకబెడితే చాలట."

ఆ మాటతో అతను మండిపడ్డాడు.

"ఉడకబెడతారా? బుద్ధుందా మీకు? ఆ ఆవిరి పీలిస్తే ఇంటిల్లిపాదీ పోతారు! ఆ వీడియో తీసినవాడంత మూర్ఖుడు భూమ్మీద లేడు!"

"నాకు బుద్ధుందా అంటావా?"

ప్లీడరు సంచి లాక్కున్నాడు. మాస్కుతో సహా అన్నీ అందులో కుక్కి, మూడో అంతస్తు మెట్ల మీంచి కిందికి గిరాటేశాడు. మనిషిని బయటికి నెట్టి తలుపేశాడు.

"ఇప్పుడే ఉడకబెడతా! ఎవరు పోతారో చూస్తా!"

"ఏవండీ, అతనేదో తెలిసి చెబుతున్నట్టున్నాడు," అంది భార్య.

"నువ్వు నోర్ముయ్."

తన మాటకు ఎదురు చెప్పారని రాయిని కూడా పొయ్యి మీదికెక్కించే కోపం అది. గిన్నె పెట్టాడు. మంట పెంచాడు. బయట అతను తలుపు దబదబ బాదుతూనే ఉన్నాడు.

"స్టవ్ ఆపండి! మీ కాళ్లు పట్టుకుంటా, ఆపండి!"

ప్లీడరు వంటింట్లోంచి కదల్లేదు. గిన్నె సలసల కాగింది.

"నాన్నా, నోరంతా ఇనుము నాకినట్టుంది," అంది కూతురు.

తర్వాత దగ్గు మొదలైంది. ముందు పిల్లకి, తర్వాత తల్లికి. ప్లీడరుకు చలి పుట్టి, కాళ్లు వణికి, వంటింటి గట్టు పట్టుకుని కూలబడ్డాడు.

తలుపు తీసింది భార్యే.

అతను ఒట్టి మొహంతో లోపలికి పరుగెత్తాడు. మెట్ల కింద మాస్కు రెండు ముక్కలైంది మరి. స్టవ్ ఆపాడు. గిన్నె మీద మూత పెట్టాడు. పిల్లను ఎత్తుకుని, తల్లిని నడిపించుకుని కిందికి దించాడు. అంబులెన్సుకు ఫోన్ చేయమని వాచ్‌మన్ మీద అరిచాడు. మళ్లీ మూడంతస్తులు ఎక్కి ప్లీడరును ఈడ్చుకొచ్చాడు.

మూడు రోజులకు ప్లీడరు కుటుంబం తేరుకుంది.

అతను తేరుకోలేదు, పోయాడు.

"ఆయనకి ఊపిరితిత్తులు అంతకు ముందే సగం పాడయ్యాయి," అంది డాక్టరమ్మ. "అంత తెలిసిన మనిషి, మాస్కు లేకుండా ఎలా వెళ్లాడో!"

ప్లీడరు నేల చూపులు చూశాడు. సంచి సంగతి చెప్పలేదు. కానీ కోపం ఎవరో ఒకరి మీద పడాలి. అది తన మీద పడకుండా చూసుకోవడం అతనికి బాగా వచ్చు. ఆసుపత్రి మంచం మీదే కూర్చుని ఫిర్యాదు రాశాడు.

నాలుగో రోజు ఆ పోయిన మనిషి చెల్లెలు వచ్చింది. ప్లీడరు ఆమెకు చేతులు జోడించాడు.

"మీ అన్నయ్య దేవుడమ్మా. మా పాపను బతికించాడు. ఆ దిక్కుమాలిన వీడియో పెట్టినవాణ్ణి నేను వదలను. వాడే హంతకుడు! వాణ్ణి జైల్లో కుళ్లబెడతా. మీరు సంతకం చేయండి చాలు. వాడెవడో తెలీక పేరు దగ్గర ఖాళీ వదిలాను, పోలీసులు కనుక్కుంటారు."

ఆమె ఫోన్లో ఆ వీడియో చూసింది. మొహం కనిపించదు. రెండు చేతులు, ఒక గిన్నె, హుషారైన గొంతు, అంతే.

"నాకు తెలుసండీ ఇతను," అంది.

"తెలుసా! ఎక్కడున్నాడు వాడు?"

"ఇది పెట్టిన సాయంత్రమే ఇతని భార్య ఆసుపత్రి పాలైంది. మళ్లీ ఇంటికి రాలేదు. ఇతను వీడియో తీసేశాడు గానీ, అప్పటికే జనం పంచేసుకున్నారు. అప్పట్నుంచీ ఏ ఇంట్లో ఈ పాలిప్స్ ఉన్నాయని తెలిస్తే ఆ ఇంటికి పరుగెత్తేవాడు."

"అయితే మాత్రం? చేసిన పాపం పోతుందా? పేరు చెప్పండి!"

ఆమె పెన్ను తీసుకుని, ముద్దాయి పేరు కోసం వదిలిన ఖాళీలో తన అన్నయ్య పేరు రాసింది.