పెద్ద నక్షత్రం పక్కన

“మేడం, మీ సిద్ధాంతం తప్పేమో,” అంది జూనియర్, గుమ్మంలోనే ఆగిపోయి.

ఆవిడ కళ్ళజోడు సవరించుకుంది. “లోపలికొచ్చి చెప్పు. గుమ్మంలో నిలబడి చెబితే తప్పు ఒప్పయిపోతుందా?”

జూనియర్ కంప్యూటర్ తెరమీద ఫొటో తెరిచింది. టెలిస్కోపు నుంచి కొత్తగా వచ్చింది. ఒక మహా నక్షత్రం భగభగ మండుతోంది. దాని పక్కన ఓ బుల్లి నక్షత్రం, ఆ బుల్లి నక్షత్రం చుట్టూ వాయువూ ధూళీ కలిసిన పళ్ళెం. గ్రహాలు పుట్టేది అలాంటి పళ్ళెంలోనే. మహా నక్షత్రాల అతినీలలోహిత కిరణాలు తమ పక్కనున్న పళ్ళేలను ఆవిరి చేసేస్తాయని, అక్కడ గ్రహాలు పుట్టడం కల్ల అని ఆవిడ జీవితమంతా వాదించింది. ఈ పళ్ళెం మాత్రం చెక్కుచెదరకుండా గుండ్రంగా ఉంది.

“మీ అన్నయ్యగారి మాటే నిజమయ్యేట్టుంది,” జూనియర్ గొంతు తగ్గించింది.

అన్నయ్య కూడా ఖగోళ శాస్త్రవేత్తే. పళ్ళేలు తట్టుకుంటాయని ఆయన పట్టు. దానిమీదే నిండు సభలో అన్నాచెల్లెళ్ళు మాటా మాటా అనుకున్నారు. ఒకే ఊళ్ళో ఉన్నా అప్పట్నుంచి పలకరింపుల్లేవు.

ఆవిడ ఫొటో వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఫోన్ తీసింది.

“దూరం లెక్క ఇంకా సరిచూడలేదు మేడం. సాయంత్రం దాకా ఆగితే...”

“నువ్వు లెక్క చూస్తూ ఉండు.”

అవతల ఫోన్ ఎత్తారు. “ఎవరండీ?”

“ఓడిపోయినదాన్ని, అన్నయ్యా.”



“ఒంట్లో బాగానే ఉందా నీకు?”

“బాగానే ఉంది. మహా నక్షత్రం పక్కన ఓ పళ్ళెం బతికి బట్టకట్టింది. నువ్వే గెలిచావు.”

“ఒప్పుకుంటున్నావా? నా చెవుల్ని నేను నమ్మను. కళ్ళతో చూడాలి. అక్కడే ఉండు, వస్తున్నా.”

అన్నయ్యగారు వస్తున్నారని తెలిసి జూనియర్ లెక్క చూడ్డానికి తన గదికి వెళ్ళిపోయింది. ఆవిడ ఎదుట ఉన్న కుర్చీ నిండా కాగితాలే. అందులో ఎవరైనా కూర్చుని ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. కాగితాలన్నీ తీసి నేలమీద పెట్టింది. గుడ్డ తెచ్చి కుర్చీ తుడిచింది. కిటికీ తెరిచింది. కాస్త ఆగి, కుర్చీ మళ్ళీ తుడిచింది.

జూనియర్ పరుగున వచ్చింది.

“కొంప మునిగేదే మేడం. లెక్క ఇప్పుడే సరిచూశాను. ఆ పళ్ళెం మహా నక్షత్రం దగ్గర్లో లేనే లేదు, ఎంతో ముందుంది. మనవైపు నుంచి చూస్తే పక్కన ఉన్నట్టు కనిపిస్తోంది, అంతే. మీరు ఓడిపోలేదు. అన్నయ్యగారిని రావద్దని చెప్పేయండి.”

బయట లిఫ్టు ఆగిన చప్పుడయింది.

“గట్టిగా మాట్లాడకు,” అంది ఆవిడ, తలుపు వైపే చూస్తూ. “నిజంగా పక్కనే ఉంటే దాని ఆవిరి తోకలా వెనక్కి సాగేది. ఫొటో చూడగానే తెలిసింది నాకు.”